ఉక్కు తొట్టి మీద తుపాకి, గుమ్మంలో కెటిళ్ల మోత

పోయిన వారం మనం ఇటుకబట్టీ వెనక గుట్ట మీద, నెత్తురోడుతున్న ఒక చేతి దగ్గర ఆగిపోయాం. ఆ చెయ్యి విల్ఫ్‌ది. సైన్యం వాళ్ల క్యారియర్, అంటే మా వరూలా ఊరంతా ఉక్కు తొట్టి అని పిలిచే పైకప్పులేని బండి, గుట్ట ఎక్కుతూ పక్కకి ఒరిగింది. ఒరగగానే దాని మీద కొత్తగా బిగించిన మిషన్ గన్, గడియ వెయ్యని గేటు గాలికి తిరిగినట్టు, తనంతట తాను గిర్రున తిరిగింది. వెనక పిడి పట్టుకున్న విల్ఫ్ చెయ్యి తుపాకికీ ఉక్కు పలకకీ మధ్య పడి నలిగింది.

విల్ఫ్ నా మరిది, సైన్యంలో తుపాకి కాల్చే గన్నర్. తుపాకిని బిగించింది వాడి అన్న క్లెమ్, నా మొగుడు. నా మొగుడు అనడం నాకింకా కొత్త. అందుకని అవసరం లేని చోట కూడా అంటుంటాను.

"శనివారం పొద్దున ఇంకొక్కసారి చూస్తాను," అన్నాడు కెప్టెన్ స్ట్రాహన్. "అప్పుడూ ఇలాగే తిరిగితే తుపాకులు విప్పేసి వట్టి బండ్లనే రైలెక్కిస్తాను."

వట్టి బండ్లంటే ఏమిటో మా రైల్వే వర్క్‌షాపులో అందరికీ తెలుసు. ఉత్తరాన యుద్ధంలో విల్ఫ్ లాంటి వాళ్లు ఆ బరువైన తుపాకిని, దాని ముక్కాలిని భుజాన మోసుకుంటూ, ఎదుటివాడి తూటాల మధ్య నేల మీదకి దిగి, బిగించుకుని, అప్పుడు కాల్చాలి. తుపాకి తొట్టి మీదే నిలిచి ఉంటే ఉక్కు పలక వెనక నుంచే కాల్చొచ్చు. తేడా అంతా అదే.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం.

మా ఇల్లు రెండు గదులు. వంటగది కిటికీకి పిండి సంచుల గుడ్డతో నేనే కుట్టిన కర్టెన్లున్నాయి. ఒకదాని మీద మిల్లు పేరు సగం ఇంకా కనిపిస్తుంది, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. నాకదీ ముద్దుగానే ఉంటుంది. పెరట్లో తీగ మీద నా మేజోళ్ల పక్కన క్లెమ్ మేజోళ్లు ఆరుతుంటే, గిన్నెలు కడుగుతూ వాటినే చూస్తూ నిలబడిపోతాను. యూనివర్సిటీలో లెక్కలు చదువుకుని, వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో పటాలకు సిరా దిద్దే దాన్ని, మేజోళ్లు చూసి మురిసిపోతున్నానంటే నవ్వుతారు. నవ్వండి.

కానీ ఆ సాయంత్రం క్లెమ్ నవ్వలేదు. బంగారు రంగు పాకంలో ఉడికించిన పిండి ఉండలు, అతనికి ప్రాణం, కంచంలో చల్లారిపోతున్నాయి. బల్ల మీద సబ్బు ముక్కతో తుపాకి స్తంభం బొమ్మ గీస్తున్నాడు, చెరిపేస్తున్నాడు, మళ్లీ గీస్తున్నాడు.

"స్తంభం లావు చేశాంగా," అన్నాను.

"చేశాం. ఫోర్‌మన్ హాగర్టీగారు చెప్పినట్టే చేశాం. అడుగున ఇంకో పలక కూడా వేశాం. ఇప్పుడు దాని మీద ఇంజను పెట్టినా వంగదు."

"మరి?"

"మరేముంది, స్తంభం వంగడం వల్ల తుపాకి తిరిగిందని నాకు నమ్మకం లేదు. వర్క్‌షాపులో నేను వేలితో తోస్తే ఎక్కడ తోస్తే అక్కడ ఆగింది, ఏవిస్. తులం తేడా లేకుండా తూగింది. గుట్ట మీదకి వెళ్లేసరికి దానికేం పూనిందో!"

నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని అతని భుజం మీద గడ్డం ఆనించాను. గోడకి వేలాడే అద్దం కింద, గడ్డం గీసుకునే బ్రష్షు పక్కన, తెల్ల ఈక నిలబెట్టి ఉంది. పెళ్లికి ముందు బజార్లో ఎవరో పెద్దావిడ, సైన్యంలో చేరని పిరికివాడా అన్నట్టు, అతని కోటు జేబులో దోపి పోయింది. రైల్వే ఫిట్టర్లని సైన్యం తీసుకోదు, వీళ్లు పోతే ఇంజన్లు ఎవరు బాగుచేస్తారు? ఆ సంగతి ఆవిడకి తెలియదు. క్లెమ్‌కి తెలుసు. అయినా ఆ ఈకని పారెయ్యలేదు. నేను పారేస్తానన్నా ఒప్పుకోలేదు.

"పడుకుంటే ఏదైనా తోస్తుందేమో," అన్నాను.

"ఇంకా చీకటైనా పడలేదు!"

"అయితే ఏం?"

ఎట్టకేలకు నవ్వాడు. సరిగ్గా అప్పుడే మా ఇంటి చుట్టూ భూమి బద్దలైంది.

టంగ్! ఢాం! టంగ్ టంగ్ టంగ్!

రేకు డబ్బాలు, బాణళ్లు, ఇంజను గంట, అన్నిటికీ మించి కెటిళ్లు. కొత్త జంట ఏమరుపాటుగా ఉన్న సాయంత్రం చూసి ఇంటిని చుట్టుముట్టి, తలుపు తీసి టీ పోస్తామనేదాకా మోగించడం మా ఊరి మర్యాద. మా వంతు ఎప్పుడొస్తుందా అని నేను లోలోపల ఎదురుచూస్తూనే ఉన్నాను. కానీ ఇవాళ, క్లెమ్ ఈ మొహంతో ఉన్నప్పుడు!

"అయ్యో, నా జుట్టు!" అన్నాను.

"అయ్యో, మన టీ ఆకు!" అన్నాడు క్లెమ్. రేషన్‌లో వచ్చిన ఆకు డబ్బా అడుగున ఉంది.

తలుపు తీశాను. ముందు నిలబడ్డది సాక్షాత్తూ ఫోర్‌మన్ హాగర్టీగారు. పొడుగు మీసం, మెడలో మఫ్లరు, చేతిలో నల్లటి పెద్ద కెటిల్, దాన్ని రెంచీతో బాదుతున్నాడు. ఆయన వెనక సగం వర్క్‌షాపు. పక్కన కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని, రెండో చేత్తో బిస్కెట్ డబ్బాని తన మోకాలికేసి కొడుతూ విల్ఫ్.

"వదినా! టీ ఇస్తావా, పైకప్పు పీకమంటావా?"

"ఒరేయ్, ఒంటి చేత్తో పీకుతావట్రా?" అన్నాడు క్లెమ్ నా వెనకనుంచి.

"రెండో చెయ్యి నువ్వే కదరా తిన్నావు!"

ఒక్క క్షణం అందరూ ఆగారు. క్లెమ్ మొహం పాలిపోయింది. విల్ఫ్ నాలిక కరుచుకుని, ఆ తప్పుని మోతలో ముంచేద్దామన్నట్టు డబ్బాని ఇంకా గట్టిగా వాయించాడు. మోత మళ్లీ అందుకుంది. వచ్చినవాళ్లు తలా ఒక చిటికెడు టీ ఆకు కాగితంలో మడిచి తెచ్చి నా ఆప్రాన్ జేబులో వేస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత మంచివాళ్లు! ఎంత గోల!

ఆ గోలలో ఒక శబ్దం మాత్రం కలవడం లేదు. అన్నీ టంగ్ టంగ్ అంటుంటే ఒక్కటే దబ్ దబ్ అంటోంది. చూస్తే మా అత్తగారు. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, టోపీ సర్దుకుని, గరిటెతో కెటిల్ని చాలా శ్రద్ధగా కొడుతున్నారు.

"అమ్మా, నీ కెటిల్‌కి జలుబు చేసిందేమిటే?" అన్నాడు విల్ఫ్.

"జలుబూ లేదు, గిలుబూ లేదు. నీళ్లున్నాయి."

అంతా గొల్లుమన్నారు. హాగర్టీగారు కళ్లు తుడుచుకుంటూ, "ఏమ్మా, మోగించడానికి ఎవరైనా నిండు కెటిల్ తెస్తారా? పారబోసి తేవాలి గానీ!" అన్నాడు.

"పారబోస్తే ఇంతమందికీ టీ ఎవరు కాస్తారు, నువ్వు కాస్తావా?" అన్నారు అత్తగారు. "ఈ పిల్ల చలిలో ఎన్నిసార్లు కుళాయి దగ్గరికి పరిగెత్తుతుంది? కెటిల్ అన్నాక నీళ్లుంటేనే పని. ఖాళీది వాయించుకోడానికి తప్ప దేనికీ? పట్టుకో అమ్మాయ్, పొయ్యి మీద పెట్టు."

పట్టుకున్నాను. అప్పటిదాకా నా చేతిలో మా ఖాళీ కెటిల్ ఉంది. నా మణికట్టు ఆ తేలిక బరువుకే అలవాటుపడి ఉంది. అత్తగారి కెటిల్ అందుకోగానే దాని మూతి ముందుకి వాలి, బడబడా నీళ్లు క్లెమ్ కాళ్ల మీద పడ్డాయి.

"అబ్బా! చల్లటి నీళ్లు!" అని ఎగిరాడు.

నేను క్షమించమనలేదు. కెటిల్ని అలాగే వంచి పట్టుకుని నిలబడిపోయాను. నీళ్లు చేరగానే ముందుకి వాలింది. ఖాళీది వాలలేదు.

ఆ మిషన్ గన్ గొట్టం చుట్టూ లావుపాటి తొడుగు ఉంటుంది. కాల్చేకొద్దీ గొట్టం కాలిపోకుండా ఆ తొడుగు నిండా నీళ్లు పోస్తారు. ఆ తొడుగు పటాన్ని నేనే దిద్దాను. నీళ్లు పోసే మూత ఎక్కడుందో, వదిలే మర ఎక్కడుందో నా వేళ్లకి తెలుసు.

"క్లెమ్!" అన్నాను.

టంగ్ టంగ్ టంగ్.

"క్లెమ్! షాపులో తుపాకిలో నీళ్లున్నాయా?"

"ఏంటీ?"

"నీళ్లు! తుపాకిలో! నువ్వు తూచినప్పుడు!"

"నీళ్లా? నీ చేతిలోనే ఉన్నాయి!"

కెటిల్ కింద పెట్టి, కుర్చీ ఎక్కి, రెండు చేతులూ ఎత్తి, పెళ్లినాడు కూడా చెయ్యని సాహసం చేశాను. ఊరందరి ముందు గొంతు చించుకుని అరిచాను. "ఆపండి!"

ఆగింది. ఆ నిశ్శబ్దంలో నా మాట నాకే చాలా చిన్నగా వినిపించింది.

"షాపులో బండి మీద తుపాకి పెట్టి తూచినప్పుడు, దాని తొడుగులో నీళ్లున్నాయా?"

హాగర్టీగారి మీసం లేచింది. "నా షాపులోనా? నీళ్లా? ఏమ్మా, నువ్వు ఎన్నాళ్లనుంచి పనిచేస్తున్నావు మా దగ్గర? నీళ్లున్నది ఏదీ గుమ్మం దాటి లోపలికి రాదు. ఇంజనైనా సరే, దాని అమ్మమ్మైనా సరే. బయటే ఖాళీ చేసి తేవాల్సిందే."

"అదే హాగర్టీగారూ. అందుకే తూగింది. ఖాళీ తుపాకి కాబట్టి."

విల్ఫ్ బిస్కెట్ డబ్బా కింద పెట్టాడు. "గుట్ట ఎక్కేముందు మేం నీళ్లు పోశాం. నిండా. మేం ఎప్పుడూ పోస్తాం కదా. నీళ్లు పొయ్యకుండా ఎవడైనా దాన్ని కాలుస్తాడా?"

"అంటే ఇప్పుడు," అన్నాడు హాగర్టీగారు నెమ్మదిగా, ఆ నెమ్మదికి నాకు భయమేసింది, "తప్పు నా షాపుదంటావు. స్తంభం లావు చెయ్యమన్న నాదంటావు."

"తప్పెవరిదని కాదు..."

"చదువుకున్నదానివి. నిరూపించు."

క్లెమ్ ఏదో అనబోయాడు. నేను అప్పటికే చీపురు తెచ్చేశాను. కర్రని కుర్చీ వెన్ను మీద అడ్డంగా పెట్టాను. ఒక చివర మా ఖాళీ కెటిల్ తగిలించాను, రెండో చివర విల్ఫ్ బూటు విప్పించి కట్టాను. అటూ ఇటూ జరిపి తూగేదాకా జరిపాను. కర్ర నిలబడింది. కుర్చీ కాలు ఒకటి ఎత్తి కొంచెం ఒరగేశాను. అయినా కర్ర నిలబడే ఉంది.

"అత్తయ్యా, ఇప్పుడు పొయ్యండి."

అత్తగారు తన కెటిల్లోంచి మా కెటిల్లోకి జాగ్రత్తగా పోశారు, విందులో అతిథికి పోస్తున్నట్టు. కొంచెం పోసేసరికి కర్ర గిరుక్కున తిరిగింది. విల్ఫ్ బూటు గాల్లోకి లేచి హాగర్టీగారి టోపీని పడగొట్టింది.

విల్ఫ్ తప్ప ఎవరూ నవ్వలేదు. వాడు మాత్రం కట్టు కట్టిన చేతిని పట్టుకుని, నొప్పికి ఓపలేక, నవ్వాపుకోలేక గోడకి జారగిలబడ్డాడు. "అంతే వదినా! అచ్చం అంతే! ఇలాగే తిరిగింది!"

హాగర్టీగారు వంగి టోపీ తీసుకున్నాడు. దుమ్ము దులిపాడు. "ఆ నీళ్లు వదిలిందెవరు?"

"నేనే," అన్నాడు క్లెమ్. "ట్రాలీ మీంచి దించగానే అడుగు మర విప్పేశాను. ఎవరూ చెప్పలేదు. ఎందుకు విప్పుతున్నానో కూడా ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే పోయింది. నా తమ్ముడి చెయ్యి..."

"ఆగరా అబ్బాయ్." హాగర్టీగారు టోపీ పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. "నువ్వు పనిలో చేరిన కొత్తలో, అడుగున కాసిని నీళ్లున్న ఇంజన్ని లోపలికి తోసుకొచ్చావు. గుర్తుందా?"

"మీరు చెవి మెలేశారు."

"మెలేశాను. అప్పట్నుంచి నీ చెయ్యి అలా పోతోంది. అది నేను నేర్పిన చెయ్యి. ఆ మర నా చేతికి దొరికినా నేనూ అలాగే విప్పేవాణ్ణి." తర్వాత నా వైపు తిరిగి, "ఆ చీపురు దించమ్మా. ఇంతకీ టీ ఇస్తావా లేదా?" అన్నాడు.

నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. మీసం చూసి ఆగిపోయాను.

టీ తాగుతూ బల్ల చుట్టూ కూర్చున్నాం. సగంమంది నేల మీదే. క్లెమ్ చల్లారిన ఉండలన్నీ ఒక్క ఊపులో తినేసి, సబ్బు ముక్క తీసి మళ్లీ బొమ్మ మొదలుపెట్టాడు. ఈసారి చెరపలేదు.

"తుపాకి కూర్చునే ఊయలని వెనక్కి జరపాలి. నీళ్లు నిండా పోసి, తూగిన చోట కొత్త కన్నాలు కొడితే సరి."

"సరేరా," అన్నాడు విల్ఫ్, "కానీ కాల్చేకొద్దీ నీళ్లు ఆవిరైపోతుంటాయి. మళ్లీ తేలికైపోతుంది. అప్పుడో?"

క్లెమ్ నన్ను చూశాడు, నేను క్లెమ్‌ని చూశాను. ఇద్దరం ఒకేసారి, "బిగింపు మర!" అన్నాం. అందరూ మళ్లీ కెటిళ్లు వాయించారు. స్తంభం మెడ దగ్గర పట్టు బిగించే మర ఒకటి పెడితే, నీళ్లు తగ్గుతున్నట్టు చేతికి తెలిసినప్పుడల్లా గన్నర్ దాన్ని ఓ పిసరు తిప్పుకోవచ్చు. ఎంత తిప్పాలన్నది మాత్రం చేతికి అలవాటు కావాలి, ఎవరైనా పక్కన నిలబడి నేర్పాలి. ఆ మాట అన్నది నేనే. ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

శనివారం తెల్లవారకముందే వర్క్‌షాపులో జరిగింది ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. హాగర్టీగారు తనే, స్వయంగా, నీళ్ల బకెట్ పట్టుకుని గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. సుత్తులు ఆగిపోయాయి. బకెట్ తొణికి గచ్చు మీద నాలుగు చుక్కలు పడితే, అందరూ ఆ చుక్కల్ని పామును చూసినట్టు చూశారు.

"ఏంటి చూస్తున్నారు? నీళ్లెప్పుడూ చూళ్లేదా?" అని కసిరాడు. కసిరి తుపాకి తొడుగులో తనే పోశాడు. తర్వాత ఆయన అక్కడే నిలబడి చూస్తుండగా క్లెమ్ ఊయల వెనక్కి జరిపాడు. రెండు వేళ్లంత. అంతే. కన్నాలు కొట్టాడు, బోల్టులు బిగించాడు, మర పెట్టాడు.

ఇటుకబట్టీ గుట్ట మీద గడ్డంతా మంచు పట్టి తెల్లగా ఉంది. నేను ఫ్లాస్కు నిండా టీ తీసుకుని వెళ్లాను. డ్రాయింగ్ ఆఫీసు వాళ్లెవరూ రాకూడదని ఎక్కడా రాసి లేదు. కెప్టెన్ స్ట్రాహన్ బూట్లు నేలకేసి తడుతూ నిలబడ్డాడు. ఇంకో గన్నర్ తొట్టిలోకి ఎక్కబోతుంటే విల్ఫ్ పక్కకి తోశాడు.

"నా చెయ్యి నలిపింది ఇదే సార్. దీని సంగతి నేనే తేల్చుకోవాలి."

"ఒంటి చేత్తోనా?"

"అది బుద్ధిగా ఉంటే ఒకటి చాలు సార్."

కెప్టెన్ తల ఊపాడు. తొట్టి గుర్రుమంది. గొలుసు చక్రాలు మంచుని కోసుకుంటూ గుట్ట ఎక్కాయి. పోయినసారి తుపాకి తిరిగిన చోటుకి వచ్చింది. బండి పక్కకి ఒరిగింది, ఇంకా ఒరిగింది. నా పక్కన క్లెమ్ ఊపిరి తీయడం మానేశాడు. అతని చెయ్యి పట్టుకుంటే ఇనుప ముక్కలా ఉంది.

తుపాకి కదల్లేదు.

విల్ఫ్ పిడి మీద నుంచి చెయ్యి తీసేశాడు. తీసేసి, ఆ చేతిని, తర్వాత మెడకి వేలాడుతున్న కట్టు చేతిని కూడా పైకెత్తాడు. ఎర్రటి పొద్దులో ఒరిగిపోయిన ఉక్కు తొట్టిలో రెండు చేతులూ ఆకాశానికెత్తి నిలబడ్డాడు మా మరిది. వాడి ముందు తుపాకి, నీళ్లతో నిండుగా, బుద్ధిమంతురాలిలా ఎటు చూపిస్తే అటే చూస్తూ ఉండిపోయింది.

"వదినా!" అని అరిచాడు పైనుంచి. "టీ పెట్టు!"

తర్వాత కాల్చి కూడా చూశారు. తొడుగులోంచి ఆవిరి లేచింది, నీళ్లు తగ్గాయి, విల్ఫ్ మర తిప్పాడు, ముందు ఎక్కువ తిప్పి తిట్టుకున్నాడు, క్లెమ్ పరిగెత్తి వెళ్లి వాడి చేతి మీద చెయ్యి వేసి ఎంత తిప్పాలో చూపించాడు. ఆ అన్నదమ్ముల రెండు తలలూ ఆవిరిలో ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తుంటే నేను ఫ్లాస్కు మూతలో టీ ఒంపాను. సగం కిందే పోయింది.

కెప్టెన్ స్ట్రాహన్ మా దగ్గరికి వచ్చేసరికి నవ్వుతున్నాడు. ఆయన నవ్వగా చూడ్డం అదే మొదలు.

"తుపాకులన్నీ ఇలాగే బిగించండి. బండ్లు తుపాకులతోనే వెళ్తాయి." హాగర్టీగారితో చేతులు కలిపాడు, క్లెమ్‌తో కలిపాడు, నాతో కూడా కలిపాడు. ఆ తర్వాత చేతి తొడుగులు వేసుకుంటూ, చిన్న సంగతి గుర్తొచ్చినట్టు అన్నాడు. "ఆ మర పట్టు నా గన్నర్లెవరికీ తెలియదు. ఒకరోజులో వచ్చేది కాదు. ఇది చేసిన మనిషి మాతో ఉత్తరానికి వచ్చి, అందరి చేతులకీ అలవాటయ్యేదాకా ఉండి నేర్పాలి. రైల్వే వాళ్లతో నేను మాట్లాడతాను. వాళ్లు కాదనరు. రైలు ఇవాళ సాయంత్రమే."

క్లెమ్ మొహంలోకి వెలుగు వచ్చింది. ఆ వెలుగు నేనెరుగుదును. అంతకుముందు ఒక్కసారే చూశాను, స్టేషన్ బెంచీ మీద, పెళ్లి చేసుకుంటావా అని అతను అడిగితే నేను ఊ అన్నప్పుడు.

వెంటనే దాన్ని ఆర్పేద్దామని చూశాడు, పాపం. ఆర్పలేకపోయాడు. నా వైపు తిరిగాడు.

"ఏవిస్," అన్నాడు. "నువ్వు ఒద్దంటే వెళ్లను."

నా చేతిలో ఫ్లాస్కు మూత ఉంది. టీ ఇంకా వేడిగానే ఉంది. దాన్ని అతని చేతికిచ్చి, చలికి కందిన అతని వేళ్లు దాని చుట్టూ ముడుచుకునేదాకా ఆగి, నోరు తెరిచాను.